ఒక రెక్క వేరే ఫ్యానుది అయితే ఏం?



పోయిన కమిటీ సమావేశంలో మండపానికి ఏ రంగు వెయ్యాలన్నది ముప్పావు గంట పట్టింది. వంటపాత్రల అద్దె గురించి ఇంకో గంట. పాత ఫ్యాన్ల సంగతి మాత్రం పది నిమిషాల్లో తేలిపోయింది. ఆరు సీలింగ్ ఫ్యాన్లు, ఒక టేబుల్ ఫ్యాను, గోడమీది పాత రెగ్యులేటర్లు అన్నీ కలిపి 6,000 రూపాయలకు ఒక పాత వస్తువుల వ్యాపారికి ఇచ్చెయ్యాలి, దానికి ఇంకొంత వేసి కొత్తవి కొనాలి అని తీర్మానం. ఇక సర్వసభ్య సమావేశంలో మీరు చేతులెత్తడమే మిగిలింది. ఆ చెయ్యి ఎత్తవద్దని అడగడానికే ఇది రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు మన అందరి ఇళ్ళలోనూ ఉన్నారు, వాళ్ళకి మీరే చదివి వినిపించండి. ఎందుకు వినిపించమంటున్నామో కిందికి వస్తే తెలుస్తుంది.

మేమంటే ఎవరో మీకు తెలుసు. రెండేళ్ళుగా ఆదివారం పొద్దున మండపం వెనకగదిలో నిచ్చెన, స్పానర్లు, కిరసనాయిలు డబ్బా పెట్టుకుని కూర్చునే నలుగురం. "వీళ్ళకి ఇంట్లో పని లేదా" అని మన అక్కలు అడుగుతుంటారే, వాళ్ళమే.

సమావేశంలో ఒక పెద్దాయన నవ్వుతూ అన్నారు: "ఇవి ఫ్యాన్లా, అతుకుల బొంతలా? ఒకదాని రెక్క ఇంకోదానికి, ఇంకోదాని గిన్నె దీనికి." అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే, ఆయన మన తరఫునే మాట్లాడినట్టు తోచింది. బొంతలో ఏ గుడ్డకీ ఇంకో గుడ్డతో పొంతన ఉండదు. ఒకటి అవ్వ చీర, ఒకటి తాత పంచె, ఒకటి ఎవరిదో చిన్నప్పటి గౌను. పొంతన లేదని దాన్ని ఎవరూ పాతసామాను అంగడికి వెయ్యలేదు. ఏ గుడ్డ ఎవరిదో చెప్పగలిగినన్నాళ్ళూ కప్పుకున్నారు.

ఆ వ్యాపారి వచ్చిన రోజు మేము అక్కడే ఉన్నాం. మర్యాదస్తుడు, కాదనం. నిచ్చెన ఎక్కి ఒక్కో ఫ్యానునీ తట్టి చూశాడు. తర్వాత చెప్పిన మాట: "రెక్కలు నాకు అక్కర్లేదు సార్, బాడీలు చాలు. రెక్కలు ఇత్తడివి కొత్తగా కొట్టించుకుంటాం. ఇవి కిలో లెక్కన వేసేయండి." టేబుల్ ఫ్యాను మీద బ్యాడ్జి లేదు కదా, ఏ కంపెనీదో తెలియదు కదా అని మేం అడిగితే, "పేరు లేకపోతే ఏముంది, పేరు మేం పెట్టుకుంటాం" అన్నాడు.

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉన్న పేరు కిలో లెక్కన పోతుంది. లేని పేరు అతికించబడుతుంది.

ఉన్న పేరు అంటే ఏమిటో మీలో చాలామందికి తెలియదు, మాకూ నిచ్చెన ఎక్కేదాకా తెలియదు. మన నాట్లో గుడిలో ట్యూబులైటు ఇచ్చినా దాని మీద 'ఉపయం' అని దాత పేరు రాస్తారు, వెలుగు సగం ఆ అక్షరాలే తింటాయని వేళాకోళం చేస్తారు. మన మండపం ఫ్యాన్లకీ అలాగే రాశారు. మూడు ఫ్యాన్ల రెక్కల మీద, కింది వైపున, ఎర్ర ఎనామెల్ పెయింటుతో, చేత్తో రాసిన తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఒకదాని మీద ఇంటిపేరు, 'ఉపయం' అన్న మాట. ఇంకోదాని మీద "...గారి జ్ఞాపకార్థం" అని మాత్రం మిగిలింది, ఎవరి జ్ఞాపకార్థమో చెరిగిపోయింది. మూడోదాని మీద పేరు మొత్తం ఉంది. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు బెంగళూరులో ఉన్నారు. ఫోటో పంపితే ఆ అమ్మ ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయింది. తన నాన్న పేరు అక్కడ ఉందని ఆమెకే తెలియదు.

ఫ్యాను తిరుగుతుంటే అక్షరాలు కనబడవు. ఆగితేనే కనబడతాయి. 2012 ప్రాంతంలో తమిళనాట రోజుకి గంటల తరబడి కరెంటు పోయిన రోజులు గుర్తున్నాయా? మండపంలో చెమటతో కూర్చుని మనం ఈబీ వాళ్ళని తిట్టుకుంటున్నప్పుడు ఆ దాతలు మన నెత్తిమీదే ఆగి నిలబడి ఉన్నారు. ఒక్కరం తల ఎత్తి చదవలేదు.

మండపం బయట బోర్డు ఫ్లెక్సు. లోపల శిలాఫలకం తమిళంలో ఉంది, ఉండాలి కూడా, అది మన ఊరి భాష. పాత మినిట్స్ పుస్తకాల్లో రెండు చెదలు పట్టి పోయాయి. ఈ భవనంలో మన ముందుతరం చేత్తో రాసిన తెలుగు ఇంకెక్కడ ఉందో చూపించండి, మేము నోరు మూసుకుంటాం.

ఇక 'ఒరిజినల్' మాటకి వద్దాం. కమిటీలో ఒకరు అన్నారు: "మీరే రెక్కలు మార్చారు, వైండింగు మార్చారు, బేరింగు మార్చారు. ఇంకా దాన్ని పాత ఫ్యాను అని ఎలా అంటారు?" మంచి ప్రశ్న. మన ఊళ్ళలో తేరు లాగుతాం. చక్రం విరిగితే కొత్త చక్రం, ఇరుసు పోతే కొత్త ఇరుసు, బొమ్మల చెక్క పుచ్చితే కొత్త చెక్క. అయినా "మా తాత లాగిన తేరు" అనే అంటాం, అబద్ధం ఆడుతున్నామని ఎవరూ అనుకోరు. ఎందుకంటే ఏది ఎప్పుడు మారిందో ఆసారికి తెలుసు, ఊరికి తెలుసు. భాగం మారినందుకు వస్తువు అబద్ధం కాదు. మారిన సంగతి దాచిపెట్టి, మెరుగు పెట్టి, "ఇది మొత్తం ఆనాటిదే" అని అమ్మినప్పుడు అబద్ధం అవుతుంది. వ్యాపారి చేతిలో మన ఫ్యాను కొత్త ఇత్తడి రెక్కలతో, ఎవరిదో బ్యాడ్జితో, ఏదో హోటలు వరండాలో తళతళలాడుతుంది. మన చేతిలో మూడు రకాల రెక్కలతో, రంగు వెలిసి తిరుగుతుంది. రెంటిలో ఏది అతుకుల బొంత, ఏది దొంగ జరీ చీర?

చట్టం ప్రకారం ఇవి 'పురావస్తువులు' కూడా కావు. 1972 నాటి చట్టం ఇలాంటి వస్తువుల్లో నూరేళ్ళు దాటినవాటినే ఆ లెక్కలో వేస్తుంది. మన ఫ్యాన్లకి అంత వయసు లేదు. కాబట్టి ప్రభుత్వం వచ్చి కాపాడుతుందనుకోవద్దు. కాపాడితే మనమే, లేకపోతే లేదు.

మేము ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో కూడా చెప్పాలి. లేకపోతే ఇది ఊరికే ఉపన్యాసం అవుతుంది.

మొదటి ఫ్యానుకి ఒక రెక్క లేదు. ధర్మపురిలో పాతసామాను అంగడిలో అదే పొడవు రెక్క దొరికింది, తెచ్చి బిగించాం. ఆన్ చేస్తే ఫ్యాను పూనకం వచ్చినట్టు ఊగింది. దించి, మూడు రెక్కలనీ కిరాణా అంగడి తక్కెడలో తూచాం. కొత్తగా తెచ్చినది 40 గ్రాములు తక్కువ. బరువొక్కటే కాదు, దాని వంపు కూడా వేరు. ఒక కంపెనీ రెక్క గాలిని కోసే కోణం ఇంకో కంపెనీది కోయదు. బరువుకి పిడి దగ్గర వాషర్లు కలిపాం. వంపుకి పట్టీని కొంచెం సరిచేశాం. తర్వాత రెక్కల కొసల మధ్య దూరం మూడు వైపులా దారంతో కొలిచి, సీలింగు నుంచి ఒక్కో కొసకి ఎత్తు ఒకే కర్రతో చూసి, సమానం చేశాం. రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు అది తిరుగుతుంటే రెక్క వేరే ఫ్యానుదని ఎవరూ కనిపెట్టలేరు. ఆగితే అందరికీ కనబడుతుంది, ఎందుకంటే మేము దానికి రంగు వెయ్యలేదు.

ఆ రెక్క బెజ్జాలు మన పట్టీ బెజ్జాలకి కలవలేదు. అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం: కలవకపోతే వచ్చిన భాగానికే బెజ్జం వెయ్యాలి, ఉన్న భాగానికి ఎప్పుడూ వెయ్యకూడదు. రేపు ఎవరి అటక మీదనో అసలు రెక్క దొరికితే, ఈ రెక్క ఊడదీసి అది బిగించుకునేలా ఉండాలి. ఇంట్లోకి వచ్చిన చుట్టం సర్దుకోవాలి గానీ, చుట్టం కోసం గోడ పగలగొట్టుకోం కదా.

స్క్రూల సంగతి ఇంకా ముఖ్యం. ఆ కాలం ఫ్యాన్లలో మర చాలావరకు ఇంగ్లీషువాళ్ళ విట్‌వర్త్ లెక్క, అంగుళాల్లో. మన దేశం మెట్రిక్‌కి మారడానికి చట్టం 1956లో వచ్చింది, కానీ ఫ్యాన్లలో పాత మర ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. ఇప్పుడు ఏ హార్డ్‌వేర్ అంగడిలో అడిగినా ఎం6 బోల్టు ఇస్తారు. పావు అంగుళం బెజ్జంలో అది దూరుతుంది, రెండు చుట్లు తిరుగుతుంది, బిగిసినట్టే ఉంటుంది. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, ఎం6 అంటే 6. పాతదానికి అంగుళానికి 20 చుట్లు, దీనికి సుమారు 25. అంటే ఆ బోల్టు పట్టుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది. రోజూ వణికే వస్తువులో అది ఎన్నాళ్ళు ఆగుతుంది? మన రెండో ఫ్యానుకి ఇదివరకు ఎవరో రిపేరుకి వచ్చినవాళ్ళు ఇలాంటి బోల్టులే మూడు వేసి వెళ్ళారు. దాని కింద మన పిల్లలు వరసగా కూర్చుని భోజనం చేశారు. మేము ఆ మూడూ తీసి విట్‌వర్త్ బోల్టులు సేలంలో వెతికి తెచ్చాం.

వైండింగు దగ్గర తప్పు మాదే. బావి మోటార్లకి కాయిలు కట్టే మేస్త్రీలు మన చుట్టుపక్కల ఊళ్ళలో బాగానే ఉన్నారు, రైతుల ఊరు కదా. మూడో ఫ్యాను స్టేటర్ ఒక షాపులో ఇచ్చి వచ్చేశాం. పాత కాయిలులో ఎన్ని చుట్లు, ఎంత మందం తీగ అని రాసుకోమని చెప్పలేదు. వాళ్ళు తీసి పారేసి, తమకి తెలిసిన లెక్కలో కట్టారు. చుట్లు తగ్గినట్టుంది, అరగంటకే గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కింది. పైగా స్టార్టింగు కాయిలు తీగలు తారుమారై ఫ్యాను వెనక్కి తిరిగింది. గాలి పైకి పోతూ సీలింగు చల్లబరిచింది. మళ్ళీ విప్పించి, అదే రకం ఇంకో ఫ్యాను పాత కాయిలు చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఇంకో మేస్త్రీ దగ్గర కట్టించాం. ఆయన వయసు డెబ్బై దాటింది. "కండెన్సర్ పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుందని ఎవడైనా చెబితే తన్ను, కాయిలు కాలుతుంది" అని చెప్పి పంపారు. ఆయన తర్వాత ఆ షాపులో ఈ పని చేసేవాళ్ళు లేరు. కొడుకు సెల్‌ఫోన్ అంగడి పెట్టాడు.

ఈ ఫ్యాన్లు అమ్మేస్తే ఆ పెద్దాయనకి ఇంకో పాత ఫ్యాను ఎవరు తెస్తారు? ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టి నేర్పించడానికి మన దగ్గర ఉన్న ఒకే సాకు ఇవే.

ప్రమాదం అన్నవాళ్ళకి జవాబు. తల మీద వేలాడే వస్తువు దగ్గర మాకు పాతదనం మీద మోజు లేదు. కొక్కెం, కొక్కేనికి ఆనే రబ్బరు, రాడ్డు బోల్టులు, వాటి స్ప్లిట్ పిన్నులు, లోపలి వైర్లు అన్నీ కొత్తవే వేశాం. గుడ్డ చుట్టిన పాత వైరు వేలితో నొక్కితే పిండి అయింది, ఒక్క అంగుళం కూడా ఉంచలేదు. ముందు సీరీస్ బల్బుతో చూసి, మెగ్గర్‌తో కొలిచి, ఎర్తు వైరు ఇచ్చాకే లైను కలిపాం. రెగ్యులేటర్లలో పాత తీగచుట్ట వేడికి మండేలా ఉంటే తీసేసి, పాత పెట్టె లోపలే కొత్త రెగ్యులేటరు పెట్టాం. అవును, పైకి పాతది, లోపల కొత్తది. అందుకే మూత లోపల రాశాం, ఏది మార్చామో, ఏ సంవత్సరమో. ప్రతి ఫ్యాను పైగిన్నె లోపల కూడా అలాగే రాసి ఉంది. టేబుల్ ఫ్యానుకి ముందు జాలీ లేదు. ఉన్న వెనక జాలీ సందుల్లో పిల్లవాడి చెయ్యి దూరుతుంది. దాన్ని తిప్పం, బీరువాలో చూడటానికే.

కరెంటు లెక్క అన్నవాళ్ళకీ జవాబు ఉంది, అది పూర్తిగా మా వైపు లేదు. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది, మనవి 80 దాకా తింటాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబులు తప్పనిసరి చేశారు, అది మంచి పనే. ఆరు ఫ్యాన్లకి తేడా 300 వాట్లు. మండపం సంవత్సరంలో అరవై రోజులు, రోజుకి పది గంటలు నడిచిందనుకుంటే 180 యూనిట్లు. యూనిటుకి పది రూపాయలు వేసినా 1,800. కొత్త ఫ్యాన్లు ఒక్కోటి 3,000 అనుకుంటే 18,000. వ్యాపారి ఇచ్చే 6,000 పోను 12,000 మన చేతి నుంచి. అది తిరిగి రావడానికి ఆరేళ్ళ పైన. భోజనశాలలో మాత్రం ఫ్యాన్లు వంట మొదలైనప్పటి నుంచి తిరుగుతూనే ఉంటాయి. అక్కడ కొత్తవి వెయ్యండి, మేమే వచ్చి బిగిస్తాం. ముందు హాల్లో ఈ ఆరూ ఉండనివ్వండి.

ఒక మాట మా వాళ్ళకి కూడా. మాలో ఒకరు మొదట్నుంచీ పట్టు పట్టారు: అదే కంపెనీ, అదే కాలం రెక్క దొరికితేనే బిగించాలి, లేకపోతే వద్దు. అమెరికాలో పాత ఫ్యాన్లు సేకరించేవాళ్ళకి ఒక సంఘమే ఉంది, భాగాలు ఒకరికొకరు మార్చుకుంటారు, అచ్చు పోసి కొత్తవి చేయించుకుంటారు. మనకి ఆ వసతి లేదు. కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధి దాకా వెళ్ళి వెతికాం, చెట్టినాడు ఇళ్ళ సామాను గుట్టలు గుట్టలుగా ఉంది, మన రెక్క లేదు. ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా ఫ్యాను గోనెసంచిలో ఉంది, ఎలుకలు వైండింగు కొరికాయి. సరైన భాగం దొరికేదాకా ఆగుదాం అన్న మాటకీ, పాతసామానుకి వేద్దాం అన్న మాటకీ చివరికి తేడా లేకపోయింది. ఆయన ఇప్పుడు మాతోనే నిచ్చెన పట్టుకుంటున్నారు, కోపం లేదు.

ఇంకొకరు మొదలుపెట్టి వదిలినదాన్ని దొరికినదానితో పూర్తి చెయ్యడం పాపారపట్టికి కొత్తా? సుబ్రహ్మణ్య శివ ఇక్కడ భారతమాత గుడి కట్టాలని ఆశపడ్డారు. 1923లో చిత్తరంజన్ దాస్ శంకుస్థాపన చేశారు. 1925 జులై 23న శివ ఈ ఊళ్ళోనే కన్నుమూశారు, గుడి లేవలేదు. దాదాపు వందేళ్ళకి స్మారకం లేచింది. వేరే చేతులు, వేరే సిమెంటు, వేరే కాలం. అది శివది కాదని మన ఊళ్ళో ఎవరైనా అంటారా? మనం బయటివాళ్ళని తీసుకెళ్ళి చూపించేది దాన్నే. ఆరు ఫ్యాన్లని దానితో పోల్చడం పెద్దమాటే, తెలుసు. ఈ ఊరివాళ్ళు "మొత్తం ఒకేసారి కట్టిందయితేనే మాది" అనడం మాత్రం చెల్లదు.

కమిటీ మీద మాకు అనుమానం లేదు. 6,000 రూపాయలు ఎవరి జేబులోకీ పోవు, తెలుసు. వాళ్ళు మండపం బాగుండాలనే చూస్తున్నారు. బాగుండటం అంటే కొత్తగా ఉండటం అనుకున్నారు, అక్కడే మా పేచీ.

సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది: ఫ్యాన్లు అమ్మవద్దు. అక్షరాలు ఉన్న రెక్కలకి సబ్బునీళ్ళ గుడ్డ తప్ప ఏదీ తగలకూడదు, ఉప్పుకాగితం అసలు వద్దు. ఏ భాగం మారినా మినిట్స్ పుస్తకంలో ఒక లైను రాయాలి. ఖర్చు సంఘం ఇవ్వకపోయినా పరవాలేదు, ఇప్పటిదాకా మా చేతి డబ్బే.

సమావేశం రోజు గంట ముందే రండి. నాలుగో ఫ్యానుని కిందికి దించి బల్ల మీద పెడతాం. "...గారి జ్ఞాపకార్థం" రెక్క దానిదే. ముందున్న పేరు చెరిగిపోయింది కానీ వెలుగు పక్కనుంచి పడితే మొదటి అక్షరం 'వె' లాగానో 'పె' లాగానో ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆ రోజుల్లో మండపానికి ఫ్యాను ఇచ్చినట్టు విన్నారా, అడిగి రండి. ఆ ఫ్యానుకే మూడో రెక్క ఇంకా లేదు. 48 అంగుళాల ఫ్యాను, రెక్క ఇనుపది, పిడి దగ్గర రెండు బెజ్జాలు, మధ్య దూరం సుమారు ఒకటిన్నర అంగుళం. మీ అటక మీద అలాంటిది ఉంటే, ఏ కంపెనీదైనా సరే, తెచ్చి ఇవ్వండి.